మాకూ చదువు చెప్పండి, మా తెలుగులో చెప్పండి

భారతదేశంలోనూ ఇతర దేశాల్లోనూ యూదుల పండుగ సభలు, యువజన శిబిరాలు, హీబ్రూ తరగతులు, తోరా (ధర్మశాస్త్రం) పాఠాలు నిర్వహిస్తున్న సంస్థల పెద్దలకు,

నమస్కారాలు.

నేను గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుని బతికే మనిషిని. మా ఆయన కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు మోసే ముఠాలో పని చేస్తారు. మాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయి పదో తరగతికి వచ్చింది, అబ్బాయికి వచ్చే ఏడు పదమూడేళ్లు నిండుతాయి. మేం బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు యూదులం. మా పెద్దలు మాదిగ పల్లెల్లో పుట్టినవారు. పంతొమ్మిదో శతాబ్దంలో బాప్టిస్టు మిషనరీల కాలంలో క్రైస్తవంలోకి వెళ్లారు. 1980ల తర్వాత, తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రంవారమన్న నమ్మకంతో, యూదు ఆచారాలు బహిరంగంగా పాటించడం మొదలుపెట్టారు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1991లో మా సినగాగు, అంటే ప్రార్థనా మందిరం, ఏర్పడింది. మచిలీపట్నంలోనూ మావాళ్లు ఉన్నారు. అందరినీ కలిపి లెక్కపెట్టినా కొన్ని పదుల కుటుంబాలకు మించం.

మా ఊళ్లో ఉన్నవి నాలుగు ఇళ్లు. పెద్ద పండుగలకు పొద్దు గుంకకముందే ఆటో మాట్లాడుకుని సినగాగుకు చేరతాం. మామూలు షబ్బాత్‌లు (శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా పాటించే విశ్రాంతి దినాలు) మాత్రం మా వరండాలోనే గడుపుతాం. ఈ లేఖలో నేను చెప్పేది మా నాలుగిళ్ల సంగతి. సినగాగు తరఫున మాట్లాడే అధికారం నాకు లేదు, అక్కడి పెద్దలు ఎంత కష్టపడుతున్నారో తెలిసినదాన్ని కాబట్టి వారిమీద నాకు ఫిర్యాదూ లేదు.

రెండేళ్లలో ఇలాంటి కార్యక్రమాలు నిర్వహించే ఒక సంస్థకు మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి యంత్రం పంపే ధన్యవాదాల సందేశం వచ్చింది. రెండోదానికి జవాబు లేదు. మూడోది రాసిన తర్వాత ఒకరు ఫోన్ చేసి, మర్యాదగానే మాట్లాడి, సంగతి పెద్దల దృష్టికి తీసుకువెళతామని చెప్పారు. ఆ తర్వాత ఏడు నెలలు గడిచాయి. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఒక్క సంస్థను వేలెత్తి చూపితే మిగిలినవారు ఇది తమకు సంబంధించిన విషయం కాదనుకుంటారు. ఇది అందరికీ సంబంధించిన విషయం కనుక అందరి ఎదుటా రాస్తున్నాను.

ముందుగా, మా ఇళ్లలో జరుగుతున్నది జరుగుతున్నట్టు చెబుతాను.

1. మా అబ్బాయి పదమూడేళ్ల వేడుక (ఆ రోజు పిల్లవాడు అందరి ముందు లేఖనం చదువుతాడు) 2027 ఏప్రిల్ 17న వస్తుంది. అది పస్కాకు ముందు వచ్చే షబ్బాత్. చాలా సమాజాల్లో ఆ రోజు మలాకీ గ్రంథం మూడో అధ్యాయం 4వ వచనం నుంచి 24వ వచనం దాకా చదువుతారు. ఒక ఆన్‌లైన్ తరగతిలో చేరి, వాడు ఆ భాగాన్ని ఇప్పటినుంచే నేర్చుకోవాలనుకున్నాడు. పాఠం చెప్పే ఆయన ఇంగ్లిష్‌లో ‘మూడో అధ్యాయం, 23వ వచనం’ అన్నారు. వీడు మా ఇంట్లో ఉన్న తెలుగు బైబిలు తీశాడు. అందులో మలాకీ మూడో అధ్యాయం 18వ వచనంతో అయిపోతుంది. పేజీ అటూ ఇటూ తిప్పి, తన పుస్తకంలో ఏదో చిరిగిపోయిందనుకుని, ఫోన్‌లో తన గొంతు వినపడకుండా నొక్కేసి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. నాకూ తెలియలేదు. నాలుగు రోజులు వెతికితే తెలిసింది: హీబ్రూ ప్రతిలో మలాకీకి మూడే అధ్యాయాలు, క్రైస్తవ ముద్రణల్లో నాలుగు. వాడు వెతికిన 23వ వచనం తెలుగు బైబిలులో నాలుగో అధ్యాయం 5వ వచనంగా ఉంది. ప్రవక్త ఏలీయాను పంపుతానన్న మాట అది. చదువు ముగిశాక ఆ వచనాన్నే మళ్లీ ఒకసారి చదవడం ఆనవాయితీ కూడాను. ఎవరైనా ఒక పేజీలో అధ్యాయాల లెక్క రాసి ఇచ్చి ఉంటే ఆ పిల్లవాడు ఆ రోజు తరగతి నుంచి లేచి వచ్చేవాడు కాదు. మరుసటి వారం వాడు ఫోన్ ముందు కూర్చోలేదు. ‘వాళ్ల పుస్తకం వేరు, మన పుస్తకం వేరు అమ్మా’ అన్నాడు. నాకు ఇప్పటికీ ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

చిక్కు వచనాల అంకెలతో ఆగదు. పుస్తకాల వరుసే వేరు. మీ తనఖ్, అంటే హీబ్రూ లేఖనాల సంపుటి, దినవృత్తాంతాలతో ముగుస్తుంది, మా చేతిలో ఉన్న పాత నిబంధన మలాకీతో ముగుస్తుంది. మాకు అలవాటైన మాటలు కూడా చాలావరకు చర్చి నుంచి వచ్చినవే. సినగాగును సమాజమందిరం అనీ, సుక్కోత్‌ను పర్ణశాలల పండుగ అనీ తెలుగు బైబిలు నేర్పింది. అవి చక్కని తెలుగు మాటలు, వాటిని వదులుకోవాలని నేననను. అయితే ఏ మాట వెనుక ఏ అర్థం ఉందో, ఎక్కడ దారులు వేరవుతాయో తెలుగులో కూర్చోబెట్టి చెప్పేవారు కావాలి.

తెలుగులో చెబితే పవిత్రత తగ్గుతుందన్న భావం ఎవరికైనా ఉంటే, దయచేసి ఈ సంగతులు గుర్తు చేసుకోండి. ఎజ్రా శాస్త్రి ధర్మశాస్త్రాన్ని ప్రజల ముందు చదివి, దానికి అర్థం చెప్పించి, అందరికీ బోధపడేలా చేసిన రోజు ఏడో నెల మొదటి రోజు అని నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం చెబుతోంది. అంటే సరిగ్గా యూదుల కొత్త సంవత్సరమైన రోష్ హషానా రోజు. ఆ గుంపులో పురుషులు, స్త్రీలు, గ్రహించగలిగిన వయసు వచ్చిన ప్రతి ఒక్కరూ ఉన్నారని కూడా అక్కడే ఉంది. ‘ఇశ్రాయేలూ వినుము’ అనే షెమానూ, నిలబడి చేసే ప్రార్థననూ, భోజనం తర్వాతి కృతజ్ఞతనూ ఏ భాషలోనైనా చెప్పవచ్చని యూదుల ప్రాచీన ధర్మ సంకలనమైన మిష్నాలోని సోతా భాగం చెబుతోంది. జనం అరమాయిక్ మాట్లాడే రోజుల్లో తోరాను అరమాయిక్‌లోకి మార్చి వినిపించారు. మన దేశంలోనే చూడండి: బొంబాయిలో 1846లో, పుణెలో 1874లో పస్కా రాత్రి చదువుకునే హగ్గదాను మరాఠీ అనువాదంతో అచ్చువేశారు. కొంకణ తీరంలో నూనె గానుగలు ఆడించుకుంటూ, శనివారం పని మానేసినందుకు ‘శనివార్ తేలీ’లని పేరు పడిన బెనె ఇజ్రాయెల్ వారి పిల్లలకు ఆ పుస్తకాలు అందాయి. కొచ్చి యూదు స్త్రీలు పెళ్లిళ్లలో, పండుగల్లో మలయాళంలో పాటలు పాడుకున్నారు. మరాఠీకి, మలయాళానికి దొరికిన చోటు తెలుగుకు ఎందుకు దొరకకూడదు? మేం కొత్త వరం ఏదీ కోరడం లేదు. మీ తాతలు తమ పిల్లలకు చేసింది మా పిల్లలకూ చేయమంటున్నాం.

2. తరగతుల వేళలు మా బతుకులకు సరిపడవు. న్యూయార్క్‌లో సాయంత్రం ఏడింటికి పెట్టే పాఠం వేసవిలో మాకు మరుసటి తెల్లవారుజాము నాలుగున్నరకు, చలికాలంలో అయిదున్నరకు వస్తుంది. అది మా ఆడవాళ్లు కూలికి వెళ్లడానికి అన్నం కూర వండి క్యారేజీ కట్టుకునే వేళ. యెరూషలేములో రాత్రి ఎనిమిదింటికి పెట్టే పాఠం వేసవిలో మాకు పదిన్నరకు మొదలవుతుంది. రోజంతా బస్తాలు మోసిన మనిషి ఆ వేళకు కళ్లు తెరిచి కూర్చోలేడు. రికార్డింగ్ అడిగితే, సభ్యులకు మాత్రమే అన్నారు.

3. దీపాలు వెలిగించే వేళ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చిన్నదిగా కనబడి పెద్ద పొరపాటుకు దారితీస్తుంది. మాకు ఎవరో తెచ్చి ఇచ్చిన క్యాలెండరు ముంబయి వేళలతో అచ్చయింది. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు షబ్బాత్ దీపాలు వెలిగించాలి. గుంటూరు ముంబయికి బాగా తూర్పున ఉంది కాబట్టి సెప్టెంబరులో మా దగ్గర సుమారు అరగంట ముందే పొద్దు గుంకుతుంది. అంటే ఆ క్యాలెండరు చూసి దీపం వెలిగించిన ఇల్లాలు, మా ఊళ్లో సూర్యుడు అస్తమించి పది నిమిషాలు దాటాక వెలిగించినట్టు. షబ్బాత్‌లో నిప్పు ముట్టించరాదని తెలిసి, భయభక్తులతో దీపం వెలిగించే ఆమె, తెలియకుండా ఆ నియమాన్నే తప్పుతోంది. మా పక్కింటి పిన్ని మూడేళ్లు అలాగే వెలిగించింది. విషయం తెలిసిన రోజున ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

4. సభలు ఎప్పుడు జరుగుతాయో మాకు ముందుగా తెలియదు. తెలిసేసరికి గడువు దాటిపోతుంది. మా వాళ్లకు ముందుగా తెలియడం ఎంత అవసరమో వివరంగా చెబుతాను. యూదుల లెక్కలో రాబోయే 5787వ సంవత్సరం 2026 సెప్టెంబరు 11 శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది. రోష్ హషానా 12, 13 తేదీల్లో, ఉపవాస దినమైన యోమ్ కిప్పూర్ 21 సోమవారం, సుక్కోత్ మొదటి రెండు రోజులు 26, 27 తేదీల్లో, సుక్కోత్ వెంటనే వచ్చే షెమినీ అత్సెరెత్ అక్టోబరు 3న, సిమ్‌హత్ తోరా 4న వస్తాయి. మధ్యలో 19వ తేదీ మామూలు షబ్బాత్. అంటే సెప్టెంబరు 12 నుంచి అక్టోబరు 4 వరకు ఉన్న 23 రోజుల్లో 8 రోజులు మేం పనికి వెళ్లరాదు. కూలీకి ఆదివారం సెలవు కాదని మీరు గుర్తుంచుకోవాలి. అది మిరప నాట్లు, పత్తిలో కలుపు సాగే కాలం. ముఠా మేస్త్రికి పదిహేను రోజుల ముందు చెప్పుకుంటే సర్దుబాటు చేస్తాడు, ముందు రోజు చెబితే ఆ ముఠాలో మా పేరు ఉండదు. ఎనిమిది రోజుల కూలి వదులుకోవడానికి మావాళ్లు సిద్ధమే, ఏళ్ల తరబడి వదులుకుంటూనే ఉన్నారు. ఆ వదులుకున్న రోజుల్లో వారికి దొరకవలసిన చదువు దొరకడం లేదన్నదే నా బాధ.

పండుగలు ఏటా తేదీలు మారతాయి కదా, ముందుగా ఎలా చెప్పగలమని ఒకరు నాతో అన్నారు. తెలుగువాళ్లకు ఈ సంగతి ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. మన పంచాంగంలో అధిక మాసం వచ్చినట్టే యూదుల లెక్కలోనూ 19 ఏళ్లకు 7 అధిక మాసాలు వస్తాయి. 2026లో మనకు అధిక జ్యేష్ఠం వచ్చింది, 5787లో అదారు నెల రెండుసార్లు వస్తుంది. అందువల్లనే 2027లో పస్కా ఏప్రిల్ 22 దాకా ఆలస్యమవుతోంది. ఇదంతా ఎన్నో ఏళ్ల ముందే లెక్క కట్టి ఉంచిన విషయం. తేదీలు తెలియక చెప్పలేకపోవడం అన్నది ఉండదు.

5. పోయిన ఏడు జరిగిన ఒక యువజన శిబిరానికి మా అమ్మాయి వెళ్లాలనుకుంది. ఒక మహానగరంలో శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం మధ్యాహ్నం ముగిసే శిబిరం అది. భోజనం, బస ఉచితమన్నారు, అందుకు కృతజ్ఞతలు. కానీ షబ్బాత్ మొదలవకముందే చేరాలంటే బుధవారం రాత్రికే ఇల్లు కదలాలి. వయసొచ్చిన ఆడపిల్లను ఒంటరిగా పంపలేం కాబట్టి నేను తోడు వెళ్లాలి. తిరిగి వచ్చేసరికి మంగళవారం. ఐదు రోజుల ట్యూషన్లు, ఆ పిల్ల బడి, ఇద్దరి రైలు ఖర్చులు. ఇవన్నీ ఎలాగో సర్దుకున్నాక దరఖాస్తు ఫారం తెరిస్తే, సభ్యత్వ సంఖ్య లేనిదే అది ముందుకు కదల్లేదు.

6. ఆ ఫారం గురించి అడగబోతే వచ్చిన ప్రశ్న మరొకటి: ‘మీరు నిజంగా యూదులేనా?’ దీనికి నేను తొణకకుండా జవాబు చెప్పాలనుకుంటున్నాను. ఇజ్రాయెల్ రబ్బీల (యూదు మతగురువుల) మండలి మమ్మల్ని గుర్తించలేదని మాకు తెలుసు. మణిపూర్, మిజోరం ప్రాంతాల బెనె మెనషే వారికి 2005లో దొరికిన గుర్తింపు మాకు దొరకలేదని కూడా తెలుసు. ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉందో వారు చూసుకుంటారు. నేను ఈ లేఖలో అలియా, అంటే ఇజ్రాయెల్‌కు వలస, అడగడం లేదు, పౌరసత్వం అడగడం లేదు, ధనసహాయం అడగడం లేదు. చదువు అడుగుతున్నాను. ఎవరైనా ధర్మశాస్త్ర ప్రకారం మతంలో చేరాలన్నా ముందు చదువుకునే రావాలని మీరే అంటారు. చదువు చెప్పే గది తలుపు దగ్గర నిలబడి ‘మీకు ఏమీ తెలియదు కదా’ అని అడిగితే, తెలుసుకునే దారి ఎక్కడుంది? 1962 నుంచి 1964 వరకు ఇజ్రాయెల్‌లో తమ పుట్టుకను శంకించినందుకు బెనె ఇజ్రాయెల్ వారు ఎంత నొచ్చుకున్నారో, వీధుల్లో కూర్చుని ఎలా నిరసన తెలిపారో మీలో చాలామంది ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ బాధ తెలిసినవారు అదే ప్రశ్నను ఒక పదిహేనేళ్ల పిల్లను అడగరాదని నా మనవి.

7. మా దగ్గరున్న పాఠ్యసామగ్రి గురించి ఒక్క ఉదాహరణ చెబుతాను. గతంలో వచ్చిన స్వచ్ఛంద ఉపాధ్యాయులు ఎవరికో ఇచ్చి వెళ్లిన కాగితాలకు జిరాక్సు, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్సు తీసి మా నాలుగిళ్లవాళ్లం వాడుతున్నాం. హీబ్రూలో దాలెత్, రేష్ అక్షరాలు దాదాపు ఒకేలా ఉంటాయి. దాలెత్‌కు పైన కుడివైపు మూల పొడుచుకు వస్తుంది, రేష్‌కు ఆ మూల గుండ్రంగా ఉంటుంది. అంతే తేడా. ‘ఇశ్రాయేలూ వినుము’ అనే షెమా మొదటి వాక్యం చివరి మాట ‘ఎఖాద్’. ఒక్కడు అని అర్థం. ఆ మాట చివర ఉన్నది దాలెత్. దాన్ని రేష్ అనుకుంటే ‘ఒక్కడు’ పోయి ‘వేరొకడు’ అవుతుంది. ఆ పొరపాటు రాకూడదనే తోరా చుట్టలో ఆ దాలెత్‌ను మిగతా అక్షరాల కంటే పెద్దగా రాస్తారు. మా జిరాక్సులో ఆ మూల చెరిగిపోయింది. పిల్లలు రేష్ అని చదివారు. నేనూ అలాగే చదివించాను. ఏడెనిమిది నెలల తర్వాత సినగాగులో ఒక పెద్దాయన మా వాడి పుస్తకం మీదికి వంగి చూసి, పెన్నుతో ఆ మూలను సరిచేశారు. ఒక మంచి ముద్రణ ప్రతి ఖరీదు ఎంతో మీకు తెలుసు. అది లేకపోవడం వల్ల మా పిల్లలు అన్ని నెలలు ఏం చదివారో కూడా ఇప్పుడు మీకు తెలిసింది.

8. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు వచ్చే వేసవి ముంగిట రాస్తుంది. ఒక్క పేపరు శనివారం పడితే ఏం చేయాలో మాకు తెలియదు. రాస్తే షబ్బాత్ తప్పుతుంది, రాయకపోతే ఏడాది పోతుంది. కేంద్ర ప్రభుత్వం 1993లో అయిదు మతాలవారిని, 2014లో జైనులను జాతీయ స్థాయిలో మైనారిటీలుగా ప్రకటించింది. యూదులు ఆ జాబితాలో లేరు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో తమ రాష్ట్రాల్లో యూదులకు మైనారిటీ హోదా ఇచ్చాయి. మా నాలుగిళ్లవాళ్లం వెళ్లి అడిగితే వినేవారు లేరు. మా బడి దరఖాస్తులో మతం గడి దగ్గర గుమాస్తా గారు కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి ‘ఇతరులు’ అని రాశారు.

ఇవన్నీ ఇలాగే సాగితే ఏమవుతుందో ఊహించడానికి నాకు పెద్దగా కష్టపడనక్కరలేదు. మా నాలుగిళ్లలో ఒక ఇంటి పెద్దబ్బాయి ఇప్పటికే షబ్బాత్ రోజున పనికి వెళుతున్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. ‘అక్కడ కూర్చుని ఏం చేయాలి అక్కా, చదివింది అర్థం కాదు, చెప్పేవాళ్లు లేరు’ అన్నాడు. కూలి కోసం వెళ్లాడని అందరూ అనుకుంటారు. చదువు లేక వెళ్లాడని నాకు తెలుసు.

కాబట్టి మీ ముందు ఈ క్రింది కోరికలు ఉంచుతున్నాను. వీటిలో ఏదీ మీ శక్తికి మించినది కాదని నా నమ్మకం.

1. 5787వ సంవత్సరపు పండుగలు, సభలు, శిబిరాలు, తరగతుల తేదీలను ఒకే కాగితం మీద తెలుగులో, గుంటూరు సూర్యాస్తమయ వేళల ప్రకారం దీపాల వేళలు లెక్కకట్టి, ఆగస్టు నెలాఖరులోగా విడుదల చేయండి. వాట్సాప్‌లో పంపినా చాలు, మేం అచ్చు తీసుకుని ఇంటింటికీ అంటించుకుంటాం.

2. వచ్చే అక్టోబరు 2వ తేదీన గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఒక రోజు చదువుల సభ జరపండి. ఆ తేదీని ఊరికే ఎంచలేదు. అది శుక్రవారం, గాంధీ జయంతి, బడులకు సెలవు. సుక్కోత్ ఏడో రోజైన హోషనా రబ్బా. ఆ రోజు ప్రయాణానికి ఆటంకం లేదు. ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం రెండున్నరకు ముగిస్తే, సాయంత్రం పొద్దు గుంకకముందే అందరం ఇళ్లకు చేరతాం. పందిరి సంగతి మాకు వదిలేయండి. ఆకాశం కనబడేలా, నేల నుంచి కోసిన ఆకులతో కప్పాలన్న నియమం మాకు తెలుసు. కొబ్బరి మట్టలు, వెదురు గడలు మా పొలాల్లోనే దొరుకుతాయి, పెళ్లి పందిళ్లు వేసిన చేతులు మావి. ఈ పండుగలో చేతబట్టే మాదీఫలం ఒకటి, మిగిలిన మూడు కొమ్మలు మీరు తెస్తే చాలు. పురుషులను, స్త్రీలను, పిల్లలను, మీ ఊళ్లో ఉన్న పరదేశిని కూడా పోగుచేసి వినిపించమని ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయం చెప్పింది ఈ పర్ణశాలల పండుగ గురించే. ఆ నలుగురిలో మమ్మల్ని ఏ వరుసలో లెక్కపెట్టినా మాకు సమ్మతమే, లెక్కలో చేర్చండి.

3. హీబ్రూ అక్షరాల పుస్తకం ఒకటి తెలుగు వివరణతో తయారు చేయించండి. ఇరవై రెండు అక్షరాలు, వాటి చుక్కలు, ఒకేలా కనబడే అక్షరాల తేడాలు పెద్ద అచ్చులో ఉండాలి. తెలుగు బైబిలు వచనాల అంకెలకూ హీబ్రూ ప్రతి అంకెలకూ సరిపోల్చే పట్టిక వెనుక జతచేయాలి. ఈ పట్టిక తయారీలో నేను జీతం లేకుండా పని చేస్తాను. సగం వరకు నోటు పుస్తకంలో రాసి ఉంచాను కూడా.

4. సిమ్‌హత్ తోరా తర్వాత ఆదికాండం నుంచి కొత్తగా మొదలయ్యే వారపు పాఠాలను తెలుగులో, ఇరవై నిమిషాలకు మించకుండా, ఫోన్‌లో వినగలిగే గొంతుగా మాత్రమే రికార్డు చేయించి, ప్రతి గురువారం సాయంత్రానికల్లా అందరికీ అందేలా పెట్టండి. దృశ్యం అక్కరలేదు, మా ఫోన్లలో డేటా తక్కువ. కలుపు తీస్తూనో, బస్తాలు కుడుతూనో వింటాం. సభ్యులకు మాత్రమే అన్న తాళం తీసేయండి.

5. మా ప్రాంతం నుంచి ఇద్దరికి, అందులో ఒకరు తప్పనిసరిగా స్త్రీ అయ్యేలా, ఉపాధ్యాయ శిక్షణ ఇవ్వండి. బయటి నుంచి వచ్చిన ఉపాధ్యాయులు ప్రేమగా చెప్పారు, ప్రేమగా వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లిన ఆరు నెలలకు పిల్లలు అక్షరాలు మరిచిపోతారు. ఊళ్లో ఉండే మనిషికి నేర్పితే ఆ చదువు ఊళ్లోనే ఉంటుంది.

6. శిబిరాల దరఖాస్తుల్లో సభ్యత్వ సంఖ్య, తండ్రి హీబ్రూ పేరు వంటి గడులను తప్పనిసరి చేయకండి. చదువుకోవడానికి వచ్చిన పిల్లల పుట్టుపూర్వోత్తరాలు అడగడం పూర్తిగా మానండి.

7. ఆంధ్రప్రదేశ్‌లోనూ యూదులకు మైనారిటీ హోదా ఇవ్వాలనీ, షబ్బాత్ పాటించే విద్యార్థులకు శనివారం పరీక్షలకు బదులు మరో రోజు అవకాశం కల్పించాలనీ మీ పేరు మీద, మీ సంతకాలతో రాష్ట్ర ప్రభుత్వానికి వినతిపత్రం ఇవ్వండి. మహారాష్ట్రలో, గుజరాత్‌లో ఆ పని ఎలా సాధించుకున్నారో తెలిసినవారు మీలో ఉన్నారు. మా గొంతు చేరని చోటికి మీ గొంతు చేరుతుంది.

మొదటి రెండు కోరికలకు ఆగస్టు 31లోగా, మిగిలినవాటికి దీపాల పండుగ హనుక్కా మొదలయ్యే డిసెంబరు 4లోగా లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. కుదరదంటే కుదరదనే రాయండి, ఎందుకు కుదరదో ఒక వాక్యం చేర్చండి. అక్టోబరు 2 సభకు మా నాలుగిళ్ల నుంచి పదిహేడుమందిమి వస్తాం, అందులో ఎనిమిదిమంది పిల్లలు. మేస్త్రికి సెప్టెంబరు రెండో వారంలో చెప్పుకోవాలి.

భవదీయురాలు,
గుంటూరు జిల్లాకు చెందిన ఒక తెలుగు యూదు తల్లి